సొట్టతో సహా అమ్మబడును

పొద్దున ఆరున్నర. ముళబాగిలులో ఆంజనేయస్వామి గుడి మైకు అప్పుడే అందుకుంది. హైవే మీద తిరుపతి బస్సులు హారన్ కొట్టుకుంటూ నంగలి వైపు పోతున్నాయి. మీరు మేనమామ ఇంటి ముందర వట్టికాళ్లతో, చేతిలో ఫోనుతో నిలబడి ఉన్నారు. ఎదురుగా మామ అమ్మకానికి పెట్టబోతున్న వెండి రంగు వ్యాగన్‌ఆర్. మామ దాని నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించి, "ఇంక తియ్యి అల్లుడా ఫోటో" అంటున్నాడు.

తియ్యకండి. ముందు పాత లుంగీ గుడ్డ ఒకటి అడగండి. ఈ కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. మామ బకెట్టులో ఉన్నవి బోరు నీళ్లు, ఉప్పునీళ్లు. తుడవకుండా వదిలితే ఆరేసరికి బానెట్ మీద తెల్లచుక్కలు తేలతాయి. ఫోటోలో అవి రంగు లేచిపోయినట్టు కనిపిస్తాయి. ఈ నీళ్ల సంగతి గుర్తుపెట్టుకోండి, ప్రకటన రాసేటప్పుడు పనికొస్తుంది.

మామకు బండిని గుడి ముందర పెట్టి, దండ వేసి తీయాలని ఉంది. కొన్న రోజున అట్లాగే తీయించుకున్నాడు, ఆ ఫోటో హాల్లో టీవీ పైన ఇప్పటికీ ఉంది. కొన్నప్పుడు సరే. అమ్మేటప్పుడు చూసేవాడు దండ ఏ గీతను దాస్తోందా అని చూస్తాడు. బండిని వీధి చివర ఖాళీ గోడ దగ్గర పెట్టించండి. ఎండ ఏటవాలుగా మీ వీపు వెనకనుంచి పడుతోంది. మోకాళ్ల మీద కూర్చుని ఫోనును హెడ్‌లైటు ఎత్తుకు దించండి. నిలబడి తీస్తే బండి అణిగిపోయినట్టు వస్తుంది. ముందు మూల, వెనక మూల, రెండు పక్కలు, డిక్కీ తెరిచి, బానెట్ లేపి. లోపల సీట్లు తీసేటప్పుడు అద్దానికి వేలాడే దిష్టిబొమ్మను, వెనక సీటు మీద అత్త మర్చిపోయిన కూరగాయల సంచిని తీసేయండి.

ఇంక వెనక టైరు దగ్గర వంగండి. టైరు పక్కభాగం మీది మట్టిని గోటితో గీకితే చిన్న గడిలో నాలుగంకెలు బయటపడతాయి: 2319. అంటే 2019లో 23వ వారం తయారైన టైరు. ఇన్నేళ్లు నడిపిన మామకు ఆ అంకెల సంగతి తెలీదు.

"ఇది కూడా చెప్పాల్నా?"

"కొనేవాడికి తెలుసు మామా. తెలీకపోతే వాడి మెకానిక్‌కి తెలుసు."

లోపల కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేయండి. తాళం తిప్పగానే మీటరులో హెచ్చరిక దీపాలు అన్నీ వెలుగుతాయి, ఇంజన్ అందుకున్నాక ఒక్కొక్కటే ఆరిపోతాయి. అన్నీ ఆరాక తీసిన మీటరు ఫోటోకే విలువ. కిలోమీటర్లతో పాటు ఏ వార్నింగ్ లైటూ లేదన్న సాక్ష్యం అందులో ఉంటుంది. మీటరు 79,980 చూపిస్తోంది.

ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అమెరికాలో లాసెటెరా, పోప్, సిడ్నర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2 కోట్ల 20 లక్షలకు పైగా పాత కార్ల వేలం అమ్మకాలను పరిశీలించి 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. మీటరు పదివేల మైళ్ల గీత దాటిన ప్రతిసారీ కారు ధర ఉన్నట్టుండి 150 నుంచి 200 డాలర్లు పడిపోతోందని తేల్చారు. 79,900కి, 80,000కి బండి అరుగుదలలో తేడా ఏముంటుంది? కానీ కొనేవాడి కన్ను ఎడమవైపు మొదటి అంకె మీదే ఆగుతుంది. ఇది మామకు చెప్తే తాళం జేబులో వేసుకున్నాడు.

"అట్లయితే అమ్మేదాకా దీన్ని తియ్యొద్దు. మార్కెట్‌కి బైకులోనే పోతా."

ఇప్పుడు ఎడమ వెనక డోరు దగ్గరికి రండి. కింద అంచున అరచేతి వెడల్పు సొట్ట. మీరు దాని పక్కన రూపాయి బిళ్ల ఆనించి ఫోటో తీయబోతుంటే మామ అడ్డం వచ్చాడు.

"అది ఎందుకప్పా సుమ్నే? వాడొచ్చి చూసుకుంటాడు లే. ముందే చెప్పి మనమే రేటు దించుకోవాల్నా?"

ఇక్కడ ఉపన్యాసం పనికిరాదు. డిక్కీ చూపించండి. లోపలి కార్పెట్ మీద వరసగా పెట్టెల మూలలు ఒత్తుకున్న గుర్తులు. 2023 జులైలో కోలారు మార్కెట్‌లో 15 కిలోల టమోటా బాక్సు 2,000 రూపాయలు దాటినప్పుడు, టెంపో కోసం కాచుకునే ఓపిక లేక మామ ఈ డిక్కీలోనే పెట్టెలు వేసుకుని పోయినాడు.

"మామా, బాక్సు పైవరసలో మంచికాయ పేర్చి పోతే మండీలో ఏం చేస్తారు?"

"చెయ్యి దూర్చి అడుగుకాయ తీస్తారు."

"అడుగున పుచ్చుంటే?"

"ఆ బాక్సొకటే కాదు, లాటు లాటుకే రేటు కొట్టేస్తారు." అని, ఒక్క క్షణం ఆగి, జేబులోంచి ఇంకో రూపాయి బిళ్ల తీసి ఇచ్చాడు. "ఆ పాతది మాసిపోయింది, ఇది పెట్టు, కొత్తది."

ఫోటోలు అయ్యాయి. వరండాలో స్టూలు మీద అత్త ముళబాగిలు దోసె పెట్టింది. చిన్నది, మందంగా, అంచు నేతిలో ఎర్రగా కాలి, నడుమ మెత్తగా. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో టైపు చేయొచ్చు, నెయ్యి మాత్రం స్క్రీన్‌కి అంటించుకోకండి. మామ కుర్చీ లాక్కుని ప్రకటన చెప్పడం మొదలెట్టాడు: "రాయి. సూపర్ కండిషన్. షోరూమ్ పీస్. సింగిల్ హ్యాండ్. డాక్టర్ యూజ్‌డ్..."

"నువ్వు డాక్టరెప్పుడయినావు?"

"అందరూ అట్లే రాస్తారు కదప్పా."

రాస్తారు, నిజమే. ఓఎల్ఎక్స్ తెరిచి కోలారు చుట్టుపక్కల పాత కార్లు వెతకండి, ఆ నాలుగు మాటలే వందసార్లు కనిపిస్తాయి. ఇది పేపరు క్లాసిఫైడ్స్ కాలం నాటి అలవాటు. అప్పుడు మాటకింత, లైనుకింత అని డబ్బు కట్టేవాళ్లం. కారు పేరు, మోడల్, ఫోను నంబరు పోగా మిగిలిన చోటులో 'గుడ్ కండిషన్' కంటే ఎక్కువ పట్టేది కాదు. ఫోనులో ఆ ఇరుకు లేదు. చోటు ఊరికే వస్తోంది, అయినా మనవాళ్లు మాటకు డబ్బు కడుతున్నట్టే రాస్తున్నారు. ఈబే మోటార్స్‌లో పాత కార్ల వేలాలను పరిశీలించి గ్రెగరీ లూయిస్ అనే ఆర్థికవేత్త 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఫోటోలు, వివరాలు ఎక్కువ పెట్టిన బండ్లకు ఎక్కువ ధర పలికింది. ప్రకటనలో రాసింది, ఫోటోలో చూపింది రేపు కొనేవాడికి చేతిలో పట్టు అవుతుందని ఆయన వాదం. 'సూపర్ కండిషన్' అనే మాట ఎవడి చేతికీ పట్టు ఇవ్వదు. 'క్లచ్ ప్లేటు 62,000 దగ్గర మార్చాం, బిల్లు ఉంది' అంటే ఇస్తుంది.

అందుకే మామను డిక్టేషన్ మాన్పించి, ప్రశ్నలు అడగండి. క్లచ్ ఎప్పుడు? బ్యాటరీ ఎప్పుడు? ముందు బంపర్ రంగు కొంచెం తేడాగా ఉందే? (ఉంది. బంగారుపేట రోడ్డులో ఎద్దుల బండి.) లోను తీరిందా? తీరితే ఆర్‌సీలో హెచ్‌పీ కొట్టేయించావా? చాలామంది అప్పు తీర్చి, బ్యాంకు కాగితం బీరువాలో పెట్టి, ఆర్‌సీ మీది బ్యాంకు తాకట్టు గుర్తు సంగతి మర్చిపోతారు. ఫారం 35 ఇచ్చి ఆ హెచ్‌పీ తీయించకపోతే పేరు మార్పు దగ్గర చిక్కు తప్పదు. మామ తీయించాడు, అత్త పోరు పడలేక. హెచ్ఎస్ఆర్‌పీ నంబరు పలకా? 2019 ఏప్రిల్ 1కి ముందు రిజిస్టరైన బండ్లకు కర్ణాటకలో అది తప్పనిసరి చేశారు, అదీ వేయించాడు. నంబరు కేఏ 07 ఎందుకంటే, కొన్నప్పుడు మామ కాపురం కోలారులో. అప్పుడు కేజీఎఫ్‌లో ఉండుంటే కేఏ 08 అయ్యేది.

అరగంట తర్వాత మీ ఫోనులో ఉన్నది ఇది:

"మారుతి వ్యాగన్‌ఆర్ వీఎక్స్ఐ, పెట్రోలు, మాన్యువల్ గేరు. 2015. కేఏ 07. మొదటి ఓనర్. మీటరు 79,980, మీరు నడిపి చూసేలోపు 80,000 దాటొచ్చు. ధర 2,85,000. బండి చూసినాక మాట్లాడుకుందాం, ఫోనులో తగ్గించం.

ముందు లోపాలు: ఎడమ వెనక డోరుకు సొట్ట, తొమ్మిదో ఫోటో. ముందు బంపర్‌కు రంగు వేయించాం. వెనక టైర్లు 2019వి, మార్చుకోవాలి. డిక్కీలో టమోటా పెట్టెలు మోశాం, కార్పెట్ మీద గుర్తులున్నాయి.

చేసిన పని: క్లచ్ 62,000 దగ్గర. బ్యాటరీ పోయిన ఏడు. బిల్లులు చూపిస్తాం. రేడియేటర్‌లో కూలెంట్ తప్ప బోరు నీళ్లు ఎప్పుడూ పోయలేదు.

కాగితాలు: లోను లేదు. ఆర్‌సీ 2030 దాకా. ఇన్సూరెన్స్ వచ్చే మార్చి దాకా, థర్డ్ పార్టీ మాత్రమే. ఏపీ, తమిళనాడు వాళ్లకు ఎన్ఓసీ తీసిస్తాం, అక్కడి టాక్సు మీదే.

ఆదివారం పొద్దున రండి. ఇంజన్ చల్లగా ఉంచుతాం, మీరే స్టార్ట్ చేసి చూడండి. మీ మెకానిక్‌ని తీసుకురండి."

బోరు నీళ్ల వాక్యం దగ్గర మామ రెండుసార్లు తలాడించాడు. ఈ జిల్లాలో అది తెలిసినవాడి మాట. ఉప్పునీళ్లు పోసిన రేడియేటర్‌లో గార పేరుకుని, వేడి దిగక, ఎండాకాలంలో హైవే మీద బండి ఆగితే ఆ బాధ ఏమిటో ఇక్కడి మెకానిక్‌లను అడగాలి. బెంగళూరువాడికి ఆ వాక్యం పట్టకపోవచ్చు. శ్రీనివాసపురం వాడు దాన్ని చదివి ఫోను తీస్తాడు.

ఏ లిపిలో పెట్టాలి అన్నది ఇంకో చిక్కు. ముళబాగిలు ఇళ్లల్లో తెలుగే వినిపిస్తుంది, కానీ ఇక్కడ చాలామంది చదువుకున్నది కన్నడం. మామే పెళ్లిపత్రిక తెలుగులో వస్తే అత్తకిచ్చి చదివించుకుంటాడు, అత్తది ఆంధ్రాలోని పలమనేరు కాబట్టి. అందుకని పైన కన్నడంలో, కింద తెలుగులో, రెండూ పెట్టండి. సరిహద్దు ఊళ్లో అమ్మేవాడికి మూడు రాష్ట్రాల కొనుగోలుదార్లు ఉండటం లాభమే. ఆ లాభం కాగితాల దగ్గర కొంత తరుగుతుంది. బెంగళూరు కేఆర్ పురం వాడు కొంటే బండి కర్ణాటకలోనే ఉంటుంది, పేరు మారితే చాలు. పలమనేరు వాడు ఇంతకంటే దగ్గరే, అయినా అతనికి ఫారం 28తో ఎన్ఓసీ కావాలి. బండి 12 నెలలకు మించి అక్కడ ఉంటే ఆ రాష్ట్రపు నంబరుకు మారాలి, అక్కడ లైఫ్ టాక్సు కట్టాలి, ఇక్కడ కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి వాపసు కోసం అర్జీ పెట్టుకోవాలి. ఆ ఖర్చంతా లెక్కేసుకునే అతను బేరం ఆడతాడు. 'ఎన్ఓసీ తీసిస్తాం, అక్కడి టాక్సు మీదే' అన్న ఆ ఒక్క వాక్యం ముందే రాయడం వల్ల ఎన్ని ఫోన్లు తప్పుతాయో మామకు తర్వాత అర్థమవుతుంది.

ధర గురించి ఎక్కువ చెప్పను. వేరేవాళ్లు పెట్టిన రేట్లు చూడండి గానీ అవి అడిగిన రేట్లు, అమ్మిన రేట్లు కావు. నెలల తరబడి అట్లాగే కూర్చున్న ప్రకటన ఏ రేటు దగ్గర అమ్ముడుపోదో చెప్తుంది, అదీ పాఠమే. బస్టాండు దగ్గరి బ్రోకర్ 2,20,000 అన్నాడు, బండి చుట్టూ తిరక్కుండానే. తిరక్కుండా ఎట్లా చెప్పాడు అంటే, అతనికి ఈ బండి మంచిదో చెడ్డదో తెలియాల్సిన పని లేదు, నడిమి రేటు చెప్తే సరిపోతుంది. జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్ మీద రాసిన వ్యాసంలో ఇదే విషయం. ఏది మంచి బండో కొనేవాడికి తెలీనప్పుడు అన్నిటికీ నడిమి రేటే చెప్తాడు, ఆ రేటుకు మంచి బండి ఉన్నవాడు అమ్మడం మానుకుంటాడు, చివరికి మార్కెట్‌లో డొక్కువే మిగులుతాయి. ఆ వ్యాసాన్ని మొదట కొన్ని పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మామకు ఇంత చెప్పలేదు. "నడిమి రేటు నీకెందుకు, నీ బండి బాగుండాది కదా" అంటే సరిపోయింది.

ప్రకటన పెట్టారు. ఆర్‌సీ ఫోటో మాత్రం పెట్టకండి. అందులో చిరునామా, చాసిస్ నంబరు అన్నీ ఉంటాయి. బండి నంబరు నిజంగా కొనేలా మాట్లాడినవాళ్లకు ఫోనులో చెప్పండి, ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు వాళ్లే చూసుకుంటారు.

ఫోను మోగడం మొదలైంది. మొదటివి అన్నీ 'ఇంకా ఉందా?' అనే మెసేజీలు. అది యాప్ అందించే బటన్ మాట, నొక్కినవాళ్లలో సగం మంది మళ్లీ పలకరు. తర్వాత ఒకాయన, పలకరింపు లేదు ఏమీ లేదు, ఆఖరి రేటెంతని కన్నడంలో, "లాస్ట్ ఎష్టు?" మామ ప్రకటనలో ఉన్నదే చెప్పాడు, "బండి చూడండి సార్, ఆమేలే మాతాడోణ." కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేట నుంచి ఒకాయన తమిళంలో, డిక్కీ గుర్తులు పోతాయా అని. ఇంకో గొంతు హిందీలో, సైన్యంలో ఉన్నానని, బండి చూడక్కర్లేదని, అడ్వాన్సు ఇప్పుడే పంపుతానని, ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది స్కాన్ చెయ్యమని. మామ స్పీకరు పెట్టి మీవైపు చూశాడు. కట్ చేయించండి. డబ్బు రావడానికి ఎవరూ కోడ్ స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. అవి రెండూ డబ్బు పోవడానికే. చూడకుండా కారు కొంటానన్నవాడి దగ్గర అంతకంటే కనిపెట్టాల్సిందేమీ లేదు.

ఆదివారం పొద్దున కేఆర్ పురం నుంచి ఒక జంట వచ్చింది, వెంట మెకానిక్. ఆయనది మదనపల్లె, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. మెకానిక్ నమస్కారం కూడా పెట్టకుండా నేరుగా వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. అప్పుడు నవ్వి మామకు నమస్కారం పెట్టాడు. ముందే వేడెక్కించి పెట్టిన ఇంజన్ చల్లటి ఇంజన్ చెప్పే నిజాలు చెప్పదు. పొగ, స్టార్టింగ్‌లో తడబాటు, చెయిన్ మోత, అన్నీ మొదటి నిమిషంలోనే బయటపడతాయి. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు వేలితో తుడిచి చూశాడు, తెల్లటి జిగురు లేదు. హెడ్‌లైటు వెనక ఏప్రాన్ మీది బోల్టుల తలలకు స్పానర్ గీతలున్నాయేమో టార్చి వేసి వెతికాడు. రేడియేటర్ మూత తీస్తే పచ్చటి కూలెంట్. మెకానిక్ మదనపల్లె ఆయన వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు.

ఆ భార్య మాత్రం వీటి దగ్గర ఆగలేదు. ఫోనులో తొమ్మిదో ఫోటో తెరిచి పట్టుకుని ఎడమ వెనక డోరు దగ్గర వంగింది. ఫోటోలోదీ ఇదీ ఒకటేనా అని చూసుకుంది. ఒకటే. "రూపాయి బిళ్ల పెట్టి తీసింది ఎవరండీ?" అంది. మామ వెంటనే, "నేనే."

నంగలి దాకా పోయి తిరిగి వస్తుంటే, మామ వెనక సీట్లోంచి మెడ చాచి మీటరునే చూస్తున్నాడు. 79,998. 79,999. అంకెలు తిరిగాయి. మామ నిట్టూర్చాడు. మదనపల్లె ఆయన పగలబడి నవ్వాడు, "రాశారు కదా సార్, దాటొచ్చని."

బేరం సొట్ట దగ్గర మొదలు కాలేదు. సొట్ట రేటు వాళ్లు ఇంట్లోనే తీసేసుకుని వచ్చారు. టైర్ల దగ్గర మొదలై, కొత్త టైర్లకు ఎంతవుతుందో ఫోనులో కనుక్కుని, కాఫీ రెండోసారి వచ్చేలోపు 2,72,000 దగ్గర ఆగింది. మామ మనసులో పెట్టుకున్నది 2,65,000. ఆ సంగతి అత్తకే తెలుసు.

ఇక్కడితో పని అయిపోలేదు. డబ్బు ఖాతాలో పడ్డాక తాళం ఇచ్చేస్తే మామ నిద్రపోవచ్చు అనుకుంటారు, కానీ అట్లా కాదు. ఆర్‌సీలో పేరు మారేదాకా చట్టం కళ్లకు బండి మామదే. చేతులు మారిన బండి ప్రమాదం చేస్తే, ఆర్‌సీలో పేరున్నవాడే యజమాని, పరిహారానికి అతనే బాధ్యుడు అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30, సంతకాలు అన్నీ ఆ రోజే. అమ్మినట్టు 14 రోజుల్లోపు ఆర్టీఓకు తెలియజేయడం మామ పని, పేరు మార్పించుకోవడం వాళ్ల పని. ఇద్దరూ కలిసి పోర్టల్‌లో దరఖాస్తు చేసి, ఆ రసీదు ఫోటో మామ ఫోనులో పడ్డాకే తాళం చేతులు మారింది. ఏ తేదీ, ఏ గంటకు బండి ఇచ్చారో తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. చలానాలు వస్తే గొడవ ఉండదు.

మీరు బెంగళూరు బస్సెక్కేలోపు చేయాల్సిన ఆఖరి పని, ప్రకటన తీసేయడం. మర్చిపోతే నెలరోజులు ఫోన్లు వస్తూనే ఉంటాయి. యాప్ తెరిచి 'అమ్ముడుపోయింది' నొక్కబోతుండగానే మామ ఫోను మోగింది. పుంగనూరు నుంచి, ఎన్ఓసీ ఎన్నిరోజుల్లో తీసిస్తారని.

"అది పోయిందప్పా, పొద్దునే పోయింది" అంటూ మామ ఫోను చెవి మార్చి, గోడ అవతలికి తొంగి చూశాడు. "మా పక్కింటాయనది బొలెరో ఉండాది, చూస్తావా? దానికి రెండు సొట్టలు. ఫోటోలు మావాడు తీసి పంపిస్తాడు, రూపాయి బిళ్ల పెట్టి."